విరిగితే క్యాష్‌లెస్... విరగకముందైతే క్యాష్!

77080.

ఈ నంబర్ నాకు మా నాన్న ఫోన్ నంబర్ కన్నా బాగా గుర్తు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా హాస్పిటళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అక్కడ ప్రతి టెస్టుకీ, ప్రతి ఆపరేషన్‌కీ ఐదంకెల కోడ్ ఒకటి ఉంటుంది. 77080 అంటే డెక్సా స్కాన్. నడుం దగ్గర, తుంటి దగ్గర ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే టెస్టు.

మొన్న ఆగస్టులో ఒక మంగళవారం నేను ఈ కోడ్ మీదే ఒక బగ్ సరిచేస్తున్నా. అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ పేరు మెడికేర్. ఎముకలు బలహీనపడే అవకాశం ఉన్నవాళ్లకి ఇది రెండేళ్లకోసారి డెక్సా ఖర్చు ఇస్తుంది. గత టెస్టు తర్వాత 23 నెలలు పూర్తిగా గడిచి ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ 22 నెలలకే బిల్లు పంపేస్తోంది, అది వెనక్కి తిరిగొస్తోంది. ఇదీ నా బగ్.

అప్పుడే తెనాలి నుంచి నాన్న ఫోన్.

"అమ్మ వరండాలో జారిందమ్మా. చెయ్యి కొంచెం వాచింది. నువ్వేం కంగారుపడకు."

మా నాన్న "కంగారుపడకు" అన్నారంటే బ్యాగ్ సర్దుకోమని అర్థం. సాయంత్రం బస్సెక్కేశా.

లక్ష రూపాయల చెయ్యి

కుడి మణికట్టు విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నా కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మా నాన్నా ఉన్నారు కాబట్టి క్యాష్‌లెస్. బిల్లు 1,12,000. గ్లవ్స్, రిజిస్ట్రేషన్, ఇంకా ఏవో చిల్లర ఐటమ్స్ పేరుతో 6,600 మమ్మల్ని కట్టమన్నారు. మిగతాదంతా ఇన్సూరెన్స్ కంపెనీ కట్టేసింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క మెయిల్ లేదు. 'చూశావా, మా కంపెనీ పాలసీ' అని నాన్న దగ్గర కాస్త ఫోజు కూడా కొట్టా.

డిశ్చార్జి రోజు డాక్టరు అడిగారు. "ఎక్కడి నుంచి పడ్డారమ్మా?"

"పడటం ఏంటండీ, వరండా తుడుస్తుంటే కాలు జారింది, చెయ్యి ఆన్చా, అంతే" అంది అమ్మ.

"అందుకే అడుగుతున్నా. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే ఎముక ఇలా విరగకూడదు. చెయ్యికి ప్లేటు వేశాను. కానీ మిగతా ఎముకల సంగతేంటో చూడాలి. డెక్సా చేయించండి."

అమ్మకి 57 ఏళ్లు. 42 ఏళ్లకే గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. మన రెండు రాష్ట్రాల్లో ఇదేం వింత కాదు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణా ముందుంటాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకని కాపాడే హార్మోన్ అదే. అంటే మా అమ్మ ఎముకలు పదిహేనేళ్లుగా చప్పుడు చేయకుండా అరుగుతున్నాయన్నమాట.

డిశ్చార్జి అయిన పన్నెండో రోజు డెక్సా చేయించాం. పావుగంట పని. సూది లేదు, మందు తాగక్కర్లేదు. బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యి లాంటిది అటూ ఇటూ తిరుగుతుంది. రేడియేషన్ కూడా చాలా తక్కువ. రిపోర్టులో చూడాల్సింది టి-స్కోర్. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోలిస్తే మనది ఎంత తక్కువో చెప్పే అంకె అది. మైనస్ 1 వరకు నార్మల్. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే ఆస్టియోపొరోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీతలివి.

అమ్మ నడుం స్కోరు మైనస్ 2.9.

బిల్లు 3,200. ఫోన్‌లో ఫొటో తీసి, యాప్‌లో అప్‌లోడ్ చేసి, రీయింబర్స్‌మెంట్ నొక్కా. లక్ష ఇచ్చినవాళ్లు మూడు వేలు ఇవ్వరా అనుకున్నా.

ఇవ్వలేదు.

మూడు వేలకి మూడు మెయిళ్లు

మొదటి మెయిల్: డాక్టర్ చీటీ లేదు. పంపా.

రెండో మెయిల్: డబ్బు కట్టిన రసీదు లేదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపితే కుదరదన్నారు. సెంటర్‌కి మళ్లీ వెళ్లి స్టాంపు వేసిన రసీదు తెచ్చి పంపా.

మూడో మెయిల్: క్లెయిమ్ తిరస్కరించాం. కారణం: ఇది పరీక్ష కోసం చేయించుకున్న పరీక్ష. ప్రస్తుత చికిత్సకి సంబంధం లేదు.

ఈ క్లాజు దాదాపు అన్ని హెల్త్ పాలసీల్లోనూ ఒకేలా ఉంటుంది. రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపు ఇది. కేవలం టెస్టుల కోసం అడ్మిట్ అయితే డబ్బు రాదు. జరుగుతున్న చికిత్సతో సంబంధం లేని టెస్టుకీ రాదు. ఇక హాస్పిటల్‌లో చేరకుండా బయట చేయించుకునే టెస్టులు, డాక్టర్ ఫీజులు ఓపీడీ కిందకి వస్తాయి. మామూలు పాలసీ ఓపీడీ ఖర్చు ఇవ్వదు.

అంటే లెక్క ఇదీ. ఎముక విరిగితే లక్ష ఇస్తారు. విరుగుతుందేమో చూసుకుంటానంటే మూడు వేలు ఇవ్వరు.

రసీదు కోసం వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక సలహా కూడా ఇచ్చాడు. "మేడం, మీరు ముందే చెప్పాల్సింది. తెలిసిన నర్సింగ్ హోమ్‌లో ఒక్క రోజు అడ్మిషన్ చూపిస్తే మొత్తం క్లెయిమ్ అయిపోయేది." వినడానికి బాగానే ఉంది. కానీ లేని జబ్బుకి అడ్మిషన్ చూపించడాన్ని మోసం అంటారు. దొరికితే ఆ క్లెయిమ్ ఒక్కటే పోదు, పాలసీయే రద్దు కావచ్చు. గ్రూప్ పాలసీ అయితే విషయం మన హెచ్‌ఆర్ దాకా వెళ్తుంది. మూడు వేల కోసం ఉద్యోగం మీదకి తెచ్చుకోకండి.

అమెరికాలో ఏం గొప్పా?

ఆఫీసులో ఈ గోడు చెప్పుకుంటే మా టీమ్‌లో ఒకడు "అదే అమెరికాలో అయితేనా..." అని మొదలుపెట్టాడు. అక్కడి బిల్లులు రోజూ చూసేదాన్ని కాబట్టి నవ్వొచ్చింది.

అక్కడా డెక్సా క్లెయిములు తిరిగొస్తాయి. టెస్టు కోడ్ పక్కన ఎందుకు చేశారో చెప్పే ఇంకో కోడ్ ఉండాలి. మెనోపాజ్ దాటిందనో, ఆస్టియోపొరోసిస్ ఉందనో. ఆ కారణం తప్పుగా పడినా, పడకపోయినా 'వైద్యపరంగా అవసరం కనిపించలేదు' అని తిప్పి పంపేస్తారు. టెస్టు అదే, మనిషి అదే. కాగితం మీద కారణం లేదు, అంతే.

ఇంకో సంగతి. 2006లో డాక్టర్ తన క్లినిక్‌లో డెక్సా చేస్తే మెడికేర్ సుమారు 139 డాలర్లు ఇచ్చేది. మరుసటి ఏడాది నుంచే కోత మొదలైంది. కొన్నేళ్లలో ఆ రేటు సగం కన్నా కిందకి వెళ్లింది. గిట్టుబాటు కాక చాలా క్లినిక్‌లు ఆ మెషీన్‌నే వదిలించుకున్నాయి. కంప్యూటర్లో ఒక అంకె మారితే ఎక్కడో ఒక ఊళ్లో ఒక ముసలావిడకి టెస్టు దూరమవుతుంది. నేను రోజూ టైప్ చేసే అంకెలే అవి. అప్పటిదాకా నాకెప్పుడూ అలా అనిపించలేదు.

కానీ ఆ ఉద్యోగమే నాకు దారి చూపించింది. కారణం రాయించాలి. ఏ టెస్టు అన్నదొక్కటే కాదు, ఎందుకు అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

డాక్టర్ రాసిన చీటీ తీసి చూశా. 'డెక్సా' అని ఒక్క మాటే ఉంది.

బీరువాలో కాగితం

డిశ్చార్జి సమ్మరీ కోసం అమ్మ బీరువా వెతుకుతున్నా. మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ పట్టుచీరల కింద ఉంటాయి. అక్కడ పసుపు రంగుకి తిరిగిన చీటీ ఒకటి కనిపించింది. నాలుగేళ్ల కిందటిది. అమ్మ నడుం నొప్పికి తెనాలిలో చూపించుకున్నప్పుడు రాసిచ్చింది.

అందులోనూ అదే మాట. డెక్సా.

"ఇదేంటమ్మా? అప్పుడే రాశారా? ఎందుకు చేయించుకోలేదు?" గట్టిగానే అడిగా.

అమ్మ కట్టు ఉన్న చేత్తోనే చీరలు సర్దుతూ అంది. "నిన్ను అడిగాగా. రాదన్నావు."

వాట్సాప్‌లో వెతికా. దొరికింది. అప్పుడు నాకు ఉద్యోగం వచ్చి రెండు నెలలు. అమ్మా నాన్నల్ని పాలసీలో చేర్చిన కొత్త. అమ్మ వాయిస్ మెసేజ్: "చిన్నీ, ఏదో ఎముకల టెస్టంట, రెండున్నర వేలంట, నీ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?"

కింద నా జవాబు: "రాదమ్మా. ఓపీడీ కవర్ అవ్వదు." పక్కన బొటనవేలు ఎమోజీ.

ఆ రోజు నేను చెప్పింది తప్పేం కాదు. నిజంగానే రాదు. కానీ నేను డబ్బు గురించి చెప్పా. అమ్మ టెస్టు గురించి అనుకుంది. ఇన్సూరెన్స్ ఇవ్వని టెస్టంటే అంత అవసరం లేని టెస్టని అర్థం చేసుకుంది. రెండున్నర వేలంటే ఆమె లెక్కలో నెల పాల ఖర్చు. నా లెక్కలో ఆ నెల రెండు స్విగ్గీ ఆర్డర్లు, ఒక సినిమా.

ఆమె మళ్లీ అడగలేదు. నేనూ అడగలేదు.

హాల్లో గోడ మీద మా అమ్మమ్మ ఫొటో ఉంటుంది. చివరి పదేళ్లు అమ్మమ్మ నేల చూస్తూనే నడిచింది. గూని వచ్చింది, వయసు కదా అనుకున్నాం అందరం. వెన్నెముకలో ఎముకలు ఒక్కొక్కటే లోపల్లోపలే నలిగిపోయినా నడుం అలాగే వంగుతుందని డాక్టర్ చెప్పాకే తెలిసింది. అమ్మమ్మకి ఎవరూ టెస్టు రాయలేదు. అమ్మకి రాశారు, మేం చేయించలేదు.

రెండు లైన్లు

మర్నాడు డాక్టర్ దగ్గరికెళ్లి విషయం చెప్పా. ఆయన రెండు నిమిషాల్లో లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగింది, ఎముక బలహీనత అనుమానం ఉంది, ఈ ఫ్రాక్చర్‌కి తదుపరి చికిత్స నిర్ణయించడానికి డెక్సా అవసరమైంది. అంతే.

చాలా పాలసీల్లో హాస్పిటల్‌లో చేరకముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా ఇస్తారు, అదే జబ్బుకి సంబంధించినవైతే. మేం పన్నెండో రోజే చేయించాం. కాబట్టి గడువు సమస్య కాదు, సంబంధం చూపించడమే సమస్య. ఆ లెటర్, డిశ్చార్జి సమ్మరీ, డెక్సా రిపోర్టు కలిపి కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టా. తిరస్కరించడానికి వాడిన క్లాజునే ఎత్తిచూపిస్తూ 'ఇది ఇదే చికిత్సకి సంబంధించిన టెస్టు' అని రాశా.

కొన్ని రోజులకి 3,050 పడ్డాయి. రిజిస్ట్రేషన్ పేరుతో 150 కోసేశారు. వాళ్ల సంతోషం వాళ్లది.

మీ ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సినవి

* పాలసీ యాప్ తెరిచి మూడు చూడండి: ఓపీడీ ఉందా, ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉందా, డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజులు. చెకప్ జాబితాలో డెక్సా లేకపోవచ్చు, కానీ చూస్తే పోయేదేముంది.

* చీటీలో టెస్టు పేరుతోపాటు కారణం రాయమని డాక్టర్‌ని అడగండి. చీటీ తేదీ టెస్టు తేదీ కన్నా ముందుండాలి. బిల్లు మీద పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి. స్టాంపు రసీదు అప్పుడే తీసుకోండి.

* అపార్ట్‌మెంట్లలో, మందుల షాపుల దగ్గర మడమ మీద మెషీన్ పెట్టి ఉచితంగా చూసేది డెక్సా కాదు. దాంతోనే జబ్బు ఉందనీ లేదనీ తేల్చుకోకండి.

* తిరస్కరిస్తే ఏ క్లాజు కింద అన్నది రాతపూర్వకంగా అడగండి. 2024 నిబంధనల ప్రకారం కారణం చెప్పకుండా, కంపెనీ లోపలి సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు.

* ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. పని జరక్కపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబర్ ఉంది. నెల రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఏపీకీ తెలంగాణకీ అదే. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి.

* పాత పన్ను విధానంలో ఉంటే హెల్త్ ఇన్సూరెన్స్ మినహాయింపు కింద ముందుజాగ్రత్త టెస్టులకి ఏడాదికి 5,000 వరకు చూపించుకోవచ్చు. ఆ మినహాయింపు మొత్తం పరిమితిలోనే అది కలుస్తుంది. ఇన్సూరెన్స్ ఇచ్చిన డబ్బుని మళ్లీ ఇక్కడ చూపించకూడదు.

* ఉద్యోగం పోతే గ్రూప్ పాలసీ కూడా పోతుంది. సొంత పాలసీ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బు దాచకండి. ఆస్టియోపొరోసిస్ అనే మాట చాలా పాలసీల వెయిటింగ్ పీరియడ్ జాబితాలోనే ఉంటుంది. 2024 నుంచి ఆ గడువు మూడేళ్లకి మించకూడదు. దాచి దొరికిపోతే ఆ మూడేళ్లూ వృథా.

ఆదివారం కాఫీ

ఇప్పుడు అమ్మ వారానికో మాత్ర వేసుకుంటోంది. ఆదివారం పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా నీళ్లతో. వేసుకున్నాక అరగంట నడుం వాల్చకూడదు. కాఫీ కూడా తాగకూడదు. నడుం వాల్చకపోవడం అమ్మకి సమస్యే కాదు, జీవితంలో ఎప్పుడు వాల్చింది గనక! కాఫీతోనే తంటా. నాన్న ఫోన్‌లో టైమర్ పెట్టి ఎదురుగా కూర్చుంటారు. "ఇంకా ఏడు నిమిషాలు" అని ఆయన, "మీరు తాగేయండి, నా ఎదురుగా మాత్రం కాదు" అని ఆవిడ.

గట్టిగా లెక్కేస్తే ఆ 3,050 రూపాయలకి నేను పెట్టిన సమయం ఖరీదే ఎక్కువ. ఫర్లేదు. కానీ నాలుగేళ్ల కిందటి రెండున్నర వేలు ఏ గ్రీవెన్స్ అధికారీ నాకు తిరిగివ్వలేడు.

మందు పని చేస్తోందో లేదో చూడటానికి కొంతకాలం తర్వాత మళ్లీ డెక్సా చేయించాలని డాక్టర్ చెప్పారు. ఆ సంగతి చెప్తూ మొన్న అమ్మ మళ్లీ అదే అడిగింది.

"చిన్నీ, ఈసారైనా ఇన్సూరెన్స్‌లో వస్తుందా?"

రాదు. అప్పటికి అరవై రోజులు ఎప్పుడో దాటిపోతాయి. అది ఓపీడీయే.

"నువ్వు టెస్టు డేట్ చెప్పమ్మా. నేను సెలవు పెట్టుకుంటా" అన్నా.